ఇరవై కిలోల గుండు, డెబ్బై ఆరు కిలోల నేను

నిశ్చల దినం 40
తూకం: 76 కిలోల 400 గ్రాములు. ఉత్సాహం: పదికి ఆరు. మహా తూకానికి గడువు: పదహారు రోజులు.

ఉత్సాహ కల్పనా విభాగం వారి ఆదేశానుసారం ఈ దినచర్యను నేటినుంచి ప్రారంభించడమైనది. నలభై రోజులపాటు బరువులో మార్పు లేని ప్రతి పౌరుడూ తన మనఃస్థితిని స్వహస్తాలతో రాసుకోవాలన్నది నియమం. రాసినందువల్ల బరువు తగ్గుతుందా అని నేను అడగలేదు. ఉద్యోగస్తుణ్ణి.

పేరు: చిలుకూరి పానకాలరావు. వయసు: యాభై మూడు. హోదా: మీదూరు ఏడో వరుస తూకం పర్యవేక్షకుడు, ఇరవై రెండేళ్లుగా. ఏడో వరుసలోని నూట పన్నెండు ఇళ్లవారిని నెలకోసారి తూకం బల్లమీద నిలబెట్టి, ఊరిని గాలిలో మోస్తున్న వాయు సంచులమీద ఎవరి భారం ఎంత పడుతున్నదో రాయడం నా పని. సంచులు ఎంత మోయగలవో అంతే మనం ఉండాలి. మహా తూకంలో పరిమితి మించిన ఇంటినుంచి ఒకరిని బుట్టలో కూర్చోబెట్టి కింద లంగరు దిబ్బకు దించుతారు. అక్కడ మోకాలి లోతు ఉప్పునీళ్లలో నిలబడి ఊరి తాళ్లను కాపాడటానికి మనుషులు కావాలి కనుక, ఇది శిక్ష కాదనీ బదిలీ అనీ ప్రకటనలో ఉంది. ఇంతవరకు ఈ బదిలీని ఎవరూ కోరుకున్న దాఖలా లేదు. అక్కడ మంచినీళ్లు వారానికోసారి. వైద్యుడు లేడు, మంత్రసాని లేదు.

ఇక విషయం. మా అమ్మాయి హంసిని తొలి చూలుతో పుట్టింటికి వచ్చింది. తొలి పురుడు పుట్టింటివారిదే అన్న ఆచారాన్ని మీదూరు శాసనం గౌరవిస్తుంది. ఎంతగా గౌరవిస్తుందంటే, ఏడో నెల రాగానే అమ్మాయి బరువు మొత్తాన్ని అత్తింటి లెక్కలోంచి తీసి పుట్టింటి లెక్కలో వేస్తుంది. మా ఇంటి పరిమితి 185 కిలోలు. నా భార్య రాజ్యం 47. మహా తూకంనాటికి హంసిని 66 ఉంటుందని వైద్యశాల అంచనా. మిగిలినది 72. అది నేను కావాలి.

ఎనభైతో మొదలుపెట్టి, రెండు నెలల్లో మూడు కిలోల ఆరు వందల గ్రాములు తగ్గాను. ఆ తరువాత ముల్లు ఆగిపోయింది.

పరిమితి దాటిన ఇంట్లో, గత మహా తూకం తరువాత ఎవరి బరువు ఎక్కువగా పెరిగిందో వారే దిగాలి. అంటే హంసిని. ఆమెకు బదులు ఇంకొకరు దిగడానికి వీల్లేదు. ఆ నిబంధనకు చిత్తుప్రతి రాసింది నేనే. ఎక్కడా సందు లేకుండా రాసినందుకు అప్పట్లో శాలువా కప్పారు.

నిశ్చల దినం 42
తూకం: 76 కిలోల 400. ఉత్సాహం: ఆరు.

ఉత్సాహ కల్పనాధికారి మార్కండేయులు రెండో తనిఖీకి వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. యాభై రెండు కిలోలు. బరువు తగ్గడం గురించి అతనికి తెలిసినదంతా శిక్షణ తరగతుల్లో తెలిసింది. వస్తూనే మా గోడకు ఒక కాగితం అంటించాడు: ‘మెట్టుమీద నిలబడటం కూడా మెట్లెక్కడంలో భాగమే.’

“మీరు ముల్లును చూడకండి సార్. ప్రయాణాన్ని చూడండి,” అన్నాడు.

“ముల్లును చూడటమే నా ఉద్యోగం బాబూ.”

“అది ఇతరుల ముల్లు సార్. మీ ముల్లు వేరు.”

“బల్ల ఒకటే.”

వంటగదిలోంచి రాజ్యం అడిగింది. “ఏం అబ్బాయీ, నువ్వు రోజూ ఏం తింటావు?”

“నేనా పిన్నిగారూ? అన్నీ తింటానండీ.”

“అన్నీ తిని వచ్చి ఈయనకు చెబుతున్నావా? బాగుంది నాయనా.”

అతను దాన్ని ప్రశంసగా తన పుస్తకంలో రాసుకున్నాడు. మొదటి తనిఖీలో ఇచ్చిన సలహాను నేను పాటిస్తున్నానా అని అడిగాడు. పాటిస్తున్నానని చెప్పాను. ఆకలి వేసినప్పుడల్లా చేతులకు ఇష్టమైన పని ఒకటి చెప్పాలన్నది ఆ సలహా.

నాకు ఇష్టమైన పని ఒకటుంది. తూకం బల్లను రోజూ ఉదయం సరిచేయడానికి నా అధీనంలో ఇరవై కిలోల ఇత్తడి గుండు ఒకటి ఉంది. దాన్ని బల్లమీద పెట్టి, ముల్లు ఇరవైమీద నిలిచేదాకా పక్కనున్న మరను తిప్పుతాను. ఏడో వరుస న్యాయమంతా ఆ గుండుమీద ఆధారపడి ఉంది. నాకు ముందున్నవారు దాన్ని గోనెసంచిలో పడేసి నల్లబడనిచ్చారు. నేను చేరాక, ప్రతి శుక్రవారం చింతపండుతో తోమి, కడిగి, పసుపు రాసి బొట్టు పెట్టడం ఆనవాయితీ చేశాను. పనిముట్టుకు దండం పెట్టనివాడికి పని అబ్బదని మా తాతగారు అనేవారు. ఇప్పుడు వారానికోసారి కాదు, రోజుకు మూడుసార్లు.

“అద్భుతం సార్! ఆపకండి,” అన్నాడు మార్కండేయులు.

నిశ్చల దినం 45
తూకం: 76 కిలోల 400. ఉత్సాహం: అయిదు.

ఉదయం రాగిజావ ఒక గిన్నె. మధ్యాహ్నం ఉడికించిన సొరకాయ ముక్కలు, గుప్పెడు అటుకులు. సాయంత్రానికి మార్కండేయులు ఇచ్చిన పట్టికలో ‘సంకల్పం’ అని ఉంది.

వరుస చివరికి వెళ్లి, మా ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల నీళ్ల సంచిని తాళ్ల వంతెనమీద మోసుకొచ్చాను. రెండు వందల పద్నాలుగు అడుగులు. వ్యాయామం కింద చూపవచ్చు. గుండును చింతపండుతో ఒకసారి, ఇటుకపొడి వేసి కొబ్బరి పీచుతో రెండుసార్లు తోమాను. అందులో నా ముఖం కనిపిస్తున్నది. సన్నబడినట్టుగా తోచింది గాని, గుండ్రటి లోహంలోని ప్రతిబింబం సాక్ష్యానికి పనికిరాదు.

స్నానం చేస్తుండగా మొలతాడు తుంటి దాటి జారిపోయింది. రాజ్యాన్ని పిలిచాను. ఆమె దాన్ని బిగించి కొత్త ముడి వేసింది.

“ఇది మూడోది,” అన్నది. “పెళ్లిలో మీరు నాకు వేసినవి మూడు. నేను మీకు వేసినవీ మూడయ్యాయి. ఇక ఎవరికి ఎవరూ బాకీ లేరు.”

“హాస్యానికి సమయం కాదు.”

“మరి నడుము తగ్గకుండానే తాడు వదులవుతుందా?”

“మొలతాడు ప్రమాణ పరికరం కాదు. నూలు సాగి ఉండవచ్చు.”

“నూలు సాగుతుంది, ఒళ్లు సాగుతుంది, మీ ముల్లు మాత్రం ధర్మరాజు!”

ముల్లును నమ్మకపోతే, ఆ ముల్లు చూసి ఇరవై రెండేళ్లుగా నేను పెట్టిన సంతకాల సంగతి ఏమిటి?

నిశ్చల దినం 48
తూకం: 76 కిలోల 400. ఉత్సాహం: నమోదు చేయలేదు.

ఉదయం తొమ్మిది గంటలకు హంసిని వంటగదిలో స్పృహ తప్పి పడిపోయింది.

పక్కింటి కరుణమ్మ పరుగెత్తుకొచ్చింది. మా వరుసకు ఆమె ఒక్కతే మంత్రసాని. అమ్మాయి ముఖంమీద నీళ్లు చల్లి, నాడి చూసి, కడుపుమీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఆ కాసేపట్లో నా గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నదో నాకు లెక్క తెలుసు. ఇక్కడ రాయను.

“కదులుతోంది,” అన్నది చివరికి. “ఏమ్మా, ఎన్నాళ్లుగా తిండి మానేశావు?”

పన్నెండు రోజులుగా, రాజ్యం వడ్డించిన దానిలో సగం అన్నాన్ని హంసిని తిరిగి కుండలో వేసేస్తున్నదని తేలింది.

“నేను రెండు కిలోలు తగ్గితే నాన్న రెండు కిలోలు తగ్గక్కర్లేదు కదత్తా,” అన్నది హంసిని.

లెక్కలో తప్పు లేదు. అందుకే నాకు భయం వేసింది.

“తండ్రీ కూతుళ్లు పందెం వేసుకున్నారన్నమాట,” అన్నది కరుణమ్మ. తరువాత నావైపు తిరిగింది. “ఈ పిల్లని అరవై ఆరు అని రాశారా ఆఫీసరు గారూ? చెయ్యి పట్టుకుంటే ఎముకలు తగులుతున్నాయి. లోపలి ప్రాణానికి తిండి అందడంలేదు. ఇంకో పది రోజులు ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదు. ముందే చెబుతున్నాను.”

“ముల్లు అరవై ఆరే చూపింది కరుణమ్మా.”

“ముల్లు చూపింది. మనిషిని ఎప్పుడైనా చూశారా మీరు?”

రెండేళ్ల కిందటివరకు ఆమె నన్ను అన్నయ్యగారు అని పిలిచేది. ఆమె భర్త ఏసోబు మహా తూకంలో తొమ్మిది వందల గ్రాములు ఎక్కువ తూగాడు. నేను సంతకం చేశాను. మర్నాటినుంచి ఆఫీసరు గారినయ్యాను. అయినా మా ఇంట్లో కేక వినబడగానే మొదట వచ్చింది ఆమే.

ఇకనుంచి హంసిని రెండు పూటలా కడుపునిండా తినాలని ఆదేశించి వెళ్లింది. ఆమె తింటే పరిమితి దాటుతుంది. తినకపోతే బిడ్డ దక్కదు. మధ్యలో ఉన్నది నా నాలుగు కిలోలు.

నిశ్చల దినం 50
తూకం: 76 కిలోల 500. ఉత్సాహం: రెండు.

వంద గ్రాములు పెరిగాను.

నిన్న నేను తిన్నది రెండు గిన్నెల జావ, ఒక దోసకాయ. పెరగడానికి అందులో ఏమీ లేదు. మార్కండేయులుకు కబురు పంపితే ‘ఇది మీ ఒంట్లోని నీళ్లు సార్, మీరు కాదు’ అని జవాబు రాసి పంపాడు. అడుగున ఒక నక్షత్రం గుర్తు వేశాడు. పది నక్షత్రాలు చేరితే ప్రశంసాపత్రం ఇస్తారట.

రాజ్యాన్ని బల్లమీద నిలబెట్టాను. 47 కిలోల 800. ఎనిమిది వందల గ్రాములు పెరిగింది.

“నువ్వేమైనా తింటున్నావా?” అని అడిగాను. ముప్పై ఏళ్ల కాపురంలో నేను అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ ఇది నీచమైనదని అప్పుడే తెలిసింది. కాని అప్పటికే అడిగేశాను.

ఆమె కొంగు తీసి చూపింది. జాకెట్టు చేతులు రెండూ వదులై వేలాడుతున్నాయి. రెండువైపులా పిన్నీసులు పెట్టుకుంది.

“ఆ పిల్లకు పెట్టి నేను గంజి తాగుతున్నాను. బల్ల దిగమంటారా, ఇంకా విచారణ ఉందా?”

దిగమన్నాను. గుండును తీసుకుని అరుగుమీద కూర్చుని చేతులు నొప్పిపుట్టేదాకా తోమాను.

నిశ్చల దినం 52
తూకం: కింద చూడవలెను. ఉత్సాహం: ఈ గడికి అర్థం లేదు.

పెళ్లికి ముందు హంసిని అయిదో వరుస బడిలో సైన్సు టీచరు. ఉదయం నేను నీళ్ల సంచి మోసుకొచ్చి దించుతుంటే మంచంమీదనుంచి అడిగింది.

“నాన్నా, దాన్ని ఒకసారి బల్లమీద పెట్టు.”

వాయు సంచుల గుడ్డతోనే కుట్టిన ఆ సంచి బరువు యాభై గ్రాములు. లోపల ఇరవై లీటర్లు. బల్లమీద పెట్టాను. ముల్లు ఇరవై ఒకటి దాటి నిలిచింది. 21 కిలోల 150 గ్రాములు.

“లీటరు నీళ్లు ఎంత బరువు నాన్నా?”

“కిలో. ఇది చిన్న తరగతి ప్రశ్న.”

“మరి ఆ కిలో చిల్లర ఎక్కడిది?”

“నీళ్ల విభాగంవారు ఎక్కువ పోసి ఉంటారు.”

రాజ్యం రెండు రోజుల మౌనం మాని నవ్వింది. “నీళ్ల విభాగం ఎక్కువ పోసిందా! ఎప్పుడైనా విన్నారా?”

లీటరు చెంబు తెచ్చి ముగ్గురం కలిసి కొలిచాం. ఇరవై చెంబులు. చుక్క ఎక్కువ లేదు.

హంసిని మెల్లగా లేచి వచ్చి, గుండును పక్కకు ఒరిగించి అడుగుభాగం చూసింది. నేను ఉద్యోగంలో చేరిన రోజున అక్కడ ‘20 కిలోలు’ అన్న చెక్కడం వేలికి గరుకుగా తగిలేది. ఇప్పుడు అరచేతితో రాసి చూశాను. పాలరాయిలా ఉంది.

ఇరవై రెండేళ్లు, వారానికి ఒకసారి. గత యాభై రెండు రోజులు, రోజుకు మూడుసార్లు, ఇటుకపొడితో. ఆ గుండు ఇప్పుడు పందొమ్మిది కిలోలు కూడా లేదు. దాన్ని ఇరవైగా భావించి రోజూ మర తిప్పుతున్నాను కనుక, బల్ల ప్రతి మనిషినీ ఉన్నదానికంటే బరువుగా చూపుతున్నది. ఆకలి వేసినప్పుడల్లా నేను నన్నూ ప్రమాణాన్నీ కలిపి అరగదీశాను. ఇద్దరం కలిసి తగ్గుతున్నాం. ముల్లు కదలకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ ఇంట్లో నాకంటే శ్రద్ధగా బరువు తగ్గినది ఆ గుండు ఒక్కటే.

నీటి లెక్కన నా బరువు 72 కిలోల 500. రాజ్యం 45. హంసిని 63 లోపు. మొత్తం 181 కూడా లేదు.

ముందుగా ఏడ్చింది నేనే. కారణం సంతోషమని వాళ్లిద్దరూ అనుకున్నారు.

నిశ్చల దినం 53
తూకం: 72 కిలోల 400 (నీటి లెక్కన). ఉత్సాహం: వర్తించదు.

రాజ్యం సూచన: “ఎవరికీ చెప్పకండి. మహా తూకంనాడు తెల్లవారగానే ఆ మర కాస్త వెనక్కి తిప్పండి. అందరికీ సరిగ్గానే చూపిస్తుంది. పాపం ఏముంది ఇందులో?”

పాపం లేదు. నేనూ రాత్రినుంచి అదే ఆలోచించాను. మర పావు చుట్టు తిప్పితే అమ్మాయి ఇంట్లో ఉంటుంది, నా ఉద్యోగం ఉంటుంది, గుండు మెరుస్తూనే ఉంటుంది. అడ్డు ఒక్కటే. దించినవారి పట్టిక తీసి చూశాను. గత మూడేళ్లలో ఏడో వరుసనుంచి దిగినవారు ఆరుగురు. అందరి అధికమూ కిలో లోపే. ఆ ఆరుగురూ ఉప్పునీళ్లలో నిలబడి తాళ్లు లాగుతున్నది నా చింతపండువల్ల.

“కరుణమ్మత్తకు ఏం చెబుతావు నాన్నా?” అన్నది హంసిని.

పక్కింటికి వెళ్లాను. కరుణమ్మ చేటలో బియ్యం ఏరుతున్నది. నిలబడే చెప్పాను. గుండు, ఇటుకపొడి, నీళ్లు, తొమ్మిది వందల గ్రాములు. ఆమె ఏరడం ఆపలేదు.

“అంటే మా ఆయన ఎక్కువ లేడు.”

“లేడు.”

“ఆవేళ బుట్ట దగ్గర నేను మీ కాళ్లు పట్టుకున్నాను. గుర్తుందా?”

“ఉంది.”

“ఏమన్నారు అప్పుడు?”

ఏమన్నానో నాకు బాగా గుర్తు. ‘ఇత్తడికి బంధుత్వం ఉండదమ్మా’ అన్నాను. అప్పట్లో ఆ వాక్యం నాకు నచ్చింది. ఇప్పుడు బయటికి చెప్పలేకపోయాను.

ఆమె ఒక మట్టిబెడ్డ ఏరి గుమ్మంలోకి విసిరింది. “నాతో చెప్పి ఏం లాభం ఆఫీసరు గారూ. నేను సంతకం పెట్టలేను కదా. ఎవరు పెడతారో వాళ్ల ముందు చెప్పండి. అందరూ వినేలా.”

నిశ్చల దినం 56
మహా తూకం.

ఉదయం ఏడు గంటలకు వరుస చివరి వాకిట్లో ప్రారంభమైనది. ప్రధాన తూకాధికారి పుండరీకం గారు కుర్చీలో కూర్చున్నారు. ఆనవాయితీ ప్రకారం ముందుగా అధికారులు తూగారు. ఆయన అంకెను నేను పైకి చదవకుండా రాయడం కూడా ఆనవాయితీయే.

ఆ తరువాత నేను నిలబడి గుండు సంగతి విన్నవించాను. పుండరీకం గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

“ప్రమాణం తగ్గదు పానకాలరావ్,” అన్నారు. “ప్రమాణం తగ్గిందంటే మిగతా లోకమంతా పెరిగిందని అర్థం. నీళ్లూ పెరిగి ఉంటాయి. తూకం కానివ్వు.”

కానిచ్చాను. ఎదురు చెప్పడానికి నాకు అధికారం లేదు. ఆరో ఇల్లు మాది. నేను 76.400. రాజ్యం 47.800. హంసిని, వారం రోజులుగా కడుపునిండా తింటున్నది, 66.200. మొత్తం 190 కిలోల 400.

“పరిమితి?”

“నూట ఎనభై అయిదు.”

“ఎక్కువ పెరిగినవారు?”

నేను రిజిస్టరు ఆయనవైపు తిప్పాను. ఆయనే చదువుకున్నారు. బుట్ట పక్కనే సిద్ధంగా ఉంది. గిలక దగ్గరివాడు తలుపు తీశాడు. హంసిని రాజ్యం చెయ్యి పట్టుకుని నన్ను చూసింది. ఆ చూపును ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.

అప్పుడు కరుణమ్మ గుంపులోంచి వచ్చింది. భుజంమీది నీళ్ల సంచిని బల్లమీద ధబ్బున పెట్టింది. ముల్లు ఇరవై ఒకటి దాటింది.

“దీన్ని కూడా దించండయ్యా,” అన్నది. “ఇరవై అని మీ ముద్రే ఉంది. ఇరవై ఒకటీ చిల్లర తూగుతోంది. ఇదీ పరిమితి దాటింది. ఎక్కించండి బుట్టలో.”

ఎవరో నవ్వారు. వెనకనుంచి ఇంకొకరు తమ సంచి తెచ్చారు. అదీ ఇరవై ఒకటి దాటింది. మరొకరు. పద్నాలుగో సంచి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. గత మూడేళ్లలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లవారు ముందు వరుసలోకి వచ్చి, పుండరీకం గారి కుర్చీకి రెండు అడుగుల దూరంలో నిలబడ్డారు.

నేను వంగి ఆయన చెవిలో ఒక సమాచారం మాత్రం చెప్పాను. “తమరి తూకం ఇవాళ ఉదయం 74 కిలోల 200. తమ పరిమితి 71. నీటి లెక్కన అయితే 70 కిలోల 300.”

ఆయన చాలాసేపు నీళ్ల సంచులవైపే చూశారు.

“నీళ్లు అబద్ధమాడవు,” అన్నారు గంభీరంగా. “రాసుకో.”

రాసుకున్నాను. ఏడో వరుసకు నీటిని తాత్కాలిక ప్రమాణంగా స్వీకరించడమైనది. మా ఇంటి మొత్తం 180 కిలోల 400, అంగీకరించడమైనది. పొరపాటున దించిన ఆరుగురిని తిరిగి ఎక్కించవలెను. ప్రమాణపు గుండును అరగదీసిన ఉద్యోగిని ఆరు నెలలపాటు లంగరు దిబ్బకు బదిలీ చేయడమైనది. చివరి వాక్యానికీ చిత్తుప్రతి రాయవలసింది నేనే కనుక, రాశాను. ఎక్కడా సందు వదల్లేదు.

59వ రోజు
తూకం: 72 కిలోలు. లంగరు దిబ్బనుంచి రాస్తున్నాను.

గిలకకు రెండు బుట్టలు. ఒకటి దిగితేనే రెండోది ఎక్కుతుంది. నేను ఎలాగూ దిగుతున్నాను కనుక, నా ఎదురు బుట్టలో మొదట ఏసోబును ఎక్కించాలని నిర్ణయించారు. రిజిస్టరులోని పాత అంకె ప్రకారం అతనికంటే నేను మూడు కిలోలు ఎక్కువ. బుట్ట దిగడానికి అది చాలు. మిగతా అయిదుగురికి ఇసుక మూటలు వాడతారు.

రాజ్యం నా మొలతాడు ఒకసారి లాగి చూసింది. హంసినికి నెలలు నిండటానికి ఇంకా మూడు వారాలు. “నువ్వొచ్చేసరికి బోర్లా పడుతూ ఉంటుంది నాన్నా,” అన్నది. ఆడపిల్లే అని ఆమెకు గట్టి నమ్మకం. కరుణమ్మ గుమ్మంలోనే నిలబడి, “పురుడు నేను చూసుకుంటాను ఆఫీసరు గారూ,” అన్నది. పిలుపు మారలేదు. మారుతుందని నేను ఆశించనూ లేదు.

పైన నలుగురు తాడు లాగి బుట్టను కదిలించారు. సగం దూరం వచ్చాక రెండు బుట్టలూ పక్కపక్కకు చేరి ఆగిపోయాయి. కింద రెండేళ్లు తాళ్లు లాగిన మనిషి భుజాలను రిజిస్టరు ఊహించలేదు. అతని ఒళ్లోని సామానును అసలే ఊహించలేదు. పైగా పన్నెండు గంటలు కావడంతో ఆ నలుగురికీ భోజన విరామం వచ్చింది. తాడు వదిలి వెళ్లిపోయారు. పైన పొగమంచు, కింద ఉప్పునీళ్లు, మధ్యలో మేమిద్దరం సరిసమానంగా ఊగుతున్నాం.

“ఎవరూ, పానకాల్రావు గారేనా?”

“నేనే ఏసోబూ.”

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. “అదేంటండీ, ఇంత చిక్కిపోయారు? ఒంట్లో బాగుందా?”

ఇంటివాళ్లు కాక ఇంకొకరు నేను తగ్గానని చెప్పడం ఇదే మొదటిసారి. నాలుగు నెలలుగా ఈ మాట కోసమే ఎదురుచూశాను. ఇతని నోట వినవలసి వస్తుందని అనుకోలేదు.

“ఆ తొమ్మిది వందల గ్రాములు నీవి కావు,” అన్నాను. “గుండువి.”

“కబురందిందండి.” కాసేపు కిందికి చూశాడు. కాళ్లమీద ఉప్పు పుండ్లు మోకాళ్లదాకా ఉన్నాయి. “రెండేళ్లు పోయాయండీ.”

“రెండు సంవత్సరాల ఒక నెల పదకొండు రోజులు.”

“లెక్క మాత్రం తప్పరు మీరు!” అన్నాడు. అది తిట్టో మెచ్చుకోలో అతని ముఖంలో తెలియలేదు. గాలికి బుట్టలు రెండూ గిర్రున తిరిగాయి. వాళ్లు తిని వచ్చేసరికి గంట పడుతుంది. అతను గిలకవైపు చూసి, తాడు చూసి, ఒళ్లోని జాడీని రెండు చేతులా ఎత్తి నావైపు చాచాడు.

“పట్టుకోండి. జారిపోతుంది, జాగ్రత్త.”

“ఏమిటిది?”

“రొయ్యల పచ్చడండీ. మా ఆవిడకని పెట్టాను.”

“మరి నాకెందుకు?”

“మీరు బరువెక్కితే తప్ప నేను ఇల్లు చేరనండీ. పట్టుకోండి.”

పట్టుకున్నాను. బుట్ట ఒకసారి ఒణికింది, కదల్లేదు. అతను ఎండుచేపల మూట కూడా అందించాడు. దాన్నీ ఒళ్లో పెట్టుకున్నాను. నా బుట్ట జానెడు దిగింది. ఆ తరువాత మూరెడు. అతని పాదాలు నా ముఖం ఎత్తుకు వచ్చాయి, తల దాటాయి.

“పురుడు సంగతి దిగులుపడకండి,” అని పైనుంచి కేక వేశాడు. “మా ఆవిడ చేతుల్లో ఇంతవరకు ఒక్క బిడ్డా పోలేదు!”

నేను దిగుతున్నకొద్దీ అతను చిన్నవాడై, మంచులో కలిసిపోయాడు. కాసేపటికి పైన గంట మోగింది. చేరాడన్నమాట.

నా పాదాలు నీళ్లకు తగిలాక, జాడీని తడవకుండా తలమీద పెట్టుకుని దిబ్బ ఎక్కాను. దించినవారికి మా కార్యాలయంలో పట్టిక ఉంది. ఎక్కినవారికి లేదు. అందువల్ల ఈ పేజీలోనే ఒక గీత గీసి ప్రారంభించడమైనది.

ఒకటి: ఏసోబు. బరువు: నాకంటే తక్కువ.